ఎత్తు పిల్లది, పుచ్చు నాది

శ్రీ త్రినాథరావు గారు 1960 సెప్టెంబరు ఐదవ తేదీన బిలాస్‌పూర్ రైల్వే క్యారేజి షెడ్డులో ఖలాసీగా ఉద్యోగప్రవేశం చేశారు. శ్రీకాకుళం జిల్లా నుంచి ఇరవయ్యొక్కో ఏట మేనమామ వెంట వచ్చిన వారు పదకొండేళ్ళలో ఫిట్టరై, స్టేషనులోకి వచ్చే బండ్లను పట్టాల పక్కన గొంతుక్కూర్చుని పరీక్షించే బాధ్యతను స్వీకరించారు. బండిని ఆపకూడదు. అది కళ్ళముందు దొర్లిపోతుండగానే చక్రంలోని బీటనూ, స్ప్రింగులోని విరుపునూ చూపుతో పట్టుకోవాలి. ఈ విద్యలో వారికి సాటి వచ్చేవారు అరుదని నాటి సహోద్యోగులు నేటికీ చెబుతారు. తరువాత వారు పిల్లల దగ్గర చేసిన పనికి మూలం ఇదే కనుక, ఇక్కడ కాస్త వివరంగా చెప్పవలసి వచ్చింది.

1983లో ఇనుప రజను పడి వారి ఎడమకంటి చూపు పోయింది. షెడ్డు పనికి అనర్హులని వైద్యులు తేల్చగా, నియమానుసారం వేరొక కొలువు వెదికి, 1984 జనవరిలో కాలనీలోని శిశు కేంద్రంలో అటెండరుగా నియమించారు. డ్యూటీలకు వెళ్ళే తల్లిదండ్రుల పిల్లలు నలభైమంది, ఇద్దరు ఆయాలు, ఒక వరండా, ఒక ఖాళీ ఆవరణ: కేంద్రమంటే అంతే. సుత్తి పట్టిన చేతికి పాలసీసా ఇచ్చారని షెడ్డు మిత్రులు ఆటపట్టించారు. ఆ చిన్నతనం భరించలేక వారు నెలరోజులపాటు షెడ్డు యూనిఫాంతోనే ఇల్లు కదిలి, దారిలో చొక్కా మార్చుకునేవారని వారి సతీమణి శ్రీమతి అసిరమ్మ గారు ఇప్పటికీ నవ్వుతూ చెబుతారు.

ఆ రోజుల్లో కేంద్రంలోని బొమ్మలు తాళం వేసిన బీరువాలో భద్రంగా ఉండేవి. పిల్లలు మాత్రం ఒక విరిగిన చెక్కపెట్టె కోసం కొట్టుకునేవారు. వరండా మెట్టుమీద కూర్చుని నాలుగు వారాలు ఈ సంగతి గమనించిన త్రినాథరావు గారు, అధికారుల సంతకంతో షెడ్డు నుంచి పనికిరాని చెక్కలూ, పెట్టెలూ, టైర్లూ, తాళ్ళూ, ఒక టార్పాలినూ తెప్పించి ఆవరణలో వేయించి, మళ్ళీ మెట్టెక్కి కూర్చున్నారు. ఏం చేయాలో ఎవరికీ చెప్పలేదు. సాయంత్రానికి అక్కడ ఒక బండి, రెండు క్వార్టర్లు, ఒక టీ దుకాణం లేచాయి. మర్నాడు పిల్లలే వాటిని పడగొట్టి, ఇంకేదో కట్టుకున్నారు.

1986లో కేంద్రానికి పర్యవేక్షకురాలిగా ఊర్మిళ వచ్చారు. ఆమెకు శిక్షణ ధ్రువపత్రం ఉంది, గంటల పట్టిక ఉంది, మెడలో ఈల కూడా ఉంది. ఆట పది గంటల నుంచి పదీ ఇరవై వరకు, అదీ ఆయా చెప్పినట్టు. ఆవరణలోని సామాను ఆమె కంటికి చెత్త. ఈ వ్యాసం కింద సంతకం ఆమెదే కనుక, ఆమెను గురించి ఎంత కఠినంగా రాసినా నొచ్చుకునేవారు వేరే లేరు.

1988 నవంబరులో గార్డు రాంప్రసాద్ గారి అమ్మాయి శ్వేత, అయిదేళ్ళది, చెక్కల దొంతర ఎక్కింది. పై చెక్క విరిగింది, పిల్ల మణికట్టు ఎముక విరిగింది. వారంలోగా ఆవరణ ఖాళీ చేయించాలనీ, అటెండరును స్టోర్సుకు పంపాలనీ ఊర్మిళ ఆ సాయంత్రమే నోటు రాసి, సంజాయిషీ కోరారు. ఒకప్పుడు చొక్కా మార్చుకుని దాచిన కొలువు ఇప్పుడు త్రినాథరావు గారికి ప్రాణప్రదమైంది. నలభైమంది పిల్లలకు ఆ కాలనీలో స్వేచ్ఛగా ఆడుకునే చోటు వేరొకటి లేదు.

మర్నాడు వారు కాగితం లేకుండానే ఆమె గదికి వచ్చారు.

"పిల్ల ఎక్కడం తప్పు కాదు మేడమ్. నాలుగడుగుల ఎత్తు దానికి కనపడతంది, ఎక్కాలో మానాలో అదే సూసుకుంటది. చెక్కలో పుచ్చు దానికి కనపడదు. అది నాను సూడాల. ఆ పొద్దు సూడనేదు. ఎత్తు పిల్లది, పుచ్చు నాది. నన్ను పంపించీండి, చెక్కలుంచండి."

"మళ్ళీ ఎవరైనా పడితే?" అన్నారు ఊర్మిళ.

"పడొచ్చు. అచ్ఛా, రేపొక్క గంట నా పక్కన కూకోండి. లెగకూడదు, మాటాడకూడదు. తరవాత మీ ఇష్టం."

ఊర్మిళ మొండిమనిషే, అయినా అన్యాయస్థురాలు కాదు. కూర్చున్నారు. ఆ గంటలో ఆమె మూడుసార్లు లేచారు. మూడుసార్లూ వారు గొంతు పెంచకుండా "కూకోండి మేడమ్, బండి నడస్తన్నాది" అన్నారు. ఇద్దరు కుర్రాళ్ళు ఒకే తాడు కోసం పెనుగులాడుతుంటే ఆమె చేయి ఈల మీదికి పోయింది. ఊదేలోగానే ఆ తాడు రెండు పెట్టెలను కలిపే లింకుగా మారిపోయింది.

అంతలో తల్లి వెంట శ్వేత వచ్చింది, చేతికి కట్టుతో. "ఏటి సెయ్యమంటారమ్మా, ఇంటికాడ ఉండనంటంది" అని తల్లి విసుక్కుంది. పిల్ల సరాసరి ఆవరణలోకి నడిచి, ఒక కర్రముక్క పట్టుకుని, స్టేషనులో ఆగిన బండి చక్రాలను ఫిట్టర్లు సుత్తితో తట్టినట్టు ఒక్కొక్క చెక్కనూ తట్టి, చెవి ఆనించి విని, బాగున్నదాని మీద సుద్దతో గీత పెట్టసాగింది. ఒకదాని దగ్గర ఆగి, "యే ఫెయిల్ హై, ఎక్కొద్దు!" అని అరిచింది. ఇద్దరు పిల్లలు దాన్ని ఈడ్చుకెళ్ళి గోడకు చేర్చారు.

"మీరు నేర్పారా?" అని ఊర్మిళ గుసగుసగా అడిగారు.

"నాను కాదు. నాను కూడా ఇప్పుడే సూస్తన్నాను." వారి మంచికన్ను చెమ్మగిల్లింది.

పిల్లలు ఇళ్ళకు వెళ్ళాక త్రినాథరావు గారు ఆ చెక్కను ఉలితో పొడిచి చూశారు. అది నిక్షేపంగా ఉంది! తిరిగి దొంతర మీద పెట్టమంటారా అని ఆయా అడిగితే, "వద్దు. ఎగ్జామినరు ఫెయిలన్నాక ఫెయిలే" అన్నారు.

ఊర్మిళ నోటును ఉపసంహరించుకున్నారు. పుచ్చిన చెక్కకు సంబంధించిన మందలింపు మాత్రం త్రినాథరావు గారి పట్టుదల వల్లనే వారి సర్వీసు పుస్తకంలో నమోదైంది. మరునాటి నుంచి సెలవు పెట్టిన రోజులు మినహా, ప్రతి ఉదయం ఏడున్నరకు, పిల్లలు రాకముందే, వారు సుత్తితో ప్రతి చెక్కనూ తట్టి చూశారు.

1990 నుంచి కర్గీ రోడ్, గతౌరా వంటి చోట్ల నుంచి ఆయాలు మన కేంద్రానికి శిక్షణకు రాసాగారు. మొదటి గంట పాఠం త్రినాథరావు గారిదే. పాఠమంటే మెట్టుమీద చేతులు కట్టుకుని కూర్చోవడం. "బావుందమ్మా అని కూడా అనకండి. అంటే పిల్ల ఆట మానేసి మన మొగం సూస్తది" అని చెప్పేవారు. పిల్ల పిలిస్తేనో, ఒంటరిగా బిక్కమొహం వేస్తేనో, కంటికి కనపడని ప్రమాదం ఉంటేనో లేవాలి. తక్కినవేళ సామానూ, చోటూ, సమయమూ ఇచ్చి తప్పుకోవాలి. 1994లో కోనిలో జరిగిన శిక్షణ సభలో ఉపన్యసించమంటే, వారు అధికారులందరినీ పక్కనున్న బడి ఆవరణ గోడ దగ్గర పావుగంట కూర్చోబెట్టారు. కొందరు వాచీలు చూసుకున్నారు, కొందరు మాత్రం పావుగంట దాటినా లేవలేదు. ఊర్మిళ మెడలోని ఈల ఎప్పుడు బీరువాలోకి చేరిందో, బొమ్మలు ఎప్పుడు బయటికి వచ్చాయో ఆమెకే సరిగా గుర్తులేదు.

ఈ నెలలో వారి పదవీ విరమణకు సర్వీసు పత్రాలు సిద్ధం చేస్తుండగా, ఆ పాత మందలింపును తొలగించమని పైవారికి రాస్తానని ఊర్మిళ అన్నారు. "ఉండనీండి మేడమ్. పుచ్చు నాదే గదా" అన్నారు వారు.

జూలై ముప్ఫయ్యొకటవ తేదీ వీడ్కోలు సభకు ఆవరణలో షామియానా వేద్దామని ఉద్యోగుల సంఘం తలపెట్టింది. ఈ సంచిక అచ్చుకు వెళ్ళే నాటికి పిల్లలు కట్టుకున్న పదకొండు పెట్టెల బండి అక్కడ నిలిచి ఉంది. దాన్ని కదిలిస్తే తాను సభకు రానని సన్మానితులే చెప్పారు. అందుచేత సభ వరండాలో. పెద్దలు కాస్త ఇరుక్కుని కూర్చోవాలి.

ఆగస్టు ఒకటవ తేదీ ఉదయం ఏడున్నరకు సుత్తి పట్టుకుని చెక్కలు తట్టేది ఊర్మిళ. ఇకమీదట పుచ్చు ఆమెది. ముప్ఫయ్యారేళ్ళ పైచిలుకు ఇతరుల క్షేమం కోసం కావలి కాసిన త్రినాథరావు గారు, ఆ బరువు దించుకుని, అసిరమ్మ గారితో కూడి, మిగిలిన ఆ కంటి వెలుగు చివరివరకూ చెక్కుచెదరకుండా, సంపూర్ణ ఆరోగ్యంతో నిండు నూరేళ్ళు జీవించాలనీ, పొద్దున్నే అలవాటుగా మెలకువ వస్తే మళ్ళీ ముసుగుతన్ని హాయిగా పడుకోవాలనీ కేంద్రం పక్షాన, పిల్లల పక్షాన మనసారా కోరుతున్నాం.

ఊర్మిళ
పర్యవేక్షకురాలు, శిశు కేంద్రం
బిలాస్‌పూర్, జూలై 1997