అంటార్కిటికాలో కుట్లు

పురసవాక్కంలోని ఒక ఆసుపత్రిలో డాక్టరమ్మ తెర ముందు కూర్చుంది. తెరమీద అంటార్కిటికా శిబిరంలో వంటచేసే నెల్లూరు మనిషి. అక్కడున్న ఒకే ఒక్క డాక్టరుకు కుడి అరచెయ్యి తెగి రక్తం ఆగడం లేదు.

“మంచు తుఫానులో విమానం రాదు. నువ్వే కుట్టాల. కోడిమాంసం మీద కుట్టి చూసినావా?”

“చూసినా మేడమ్. కోడేమీ అనలేదు.”

“ఆయన అంటారు. మత్తు ఇంజెక్షన్ ఇచ్చినావా?”

“ఆయనే ఎడమచేత్తో వేసుకున్నారు. నా మీద నమ్మకం లేదంట.”

“సరే, సూది నిలువుగా దించు. నేను ఈడ నుంచి చూస్తానే ఉంటా.”

“కుట్టేసినా మేడమ్. రక్తం ఆగింది!”

“వేళ్లు కదిలించమను.”

“అన్నీ కదుల్తా ఉండాయి. ఆకలంటున్నారు.”

“అన్నం కలిపి ముద్దలు పెట్టు.”

“స్పూనుంది కదా మేడమ్, ఎడమచేత్తో తింటారు.”

“ఉంటే ఉండనీ. ఇవాళ నువ్వే పెట్టు.”