గాలిని శుభ్రం చేసిన గాజు శిల్పి శ్రీ ఏకాంబరం

1991 ఆగస్టు 12వ తేదీ సోమవారం నాడు చంద్రగిరి నుంచి సైకిలుపై వచ్చి, తిరుపతిలోని మన పరిశోధనాశాలలో గాజు పనివారిగా చేరిన శ్రీ ఏకాంబరం గారు ఈ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్నారు. చదువు ఎనిమిదో తరగతితో ఆగినా, మంట ముందు గాజు ఏ క్షణాన లొంగుతుందో ఆయన వేళ్లకు తెలిసినంతగా ఏ పట్టాకూ తెలియదు. పదోన్నతి మాత్రం ఒక్కటే, అదీ పద్దెనిమిదేళ్లకు వచ్చింది. ఆ సంగతి రాయకపోతే అబద్ధం రాసినట్లవుతుంది.

తొలి పాతికేళ్లు పరీక్షనాళికలతో గడిచాయి. 2016లో ప్లాస్మా విభాగం వచ్చింది. పెయింటు వేసే కర్మాగారాల విషపు ఆవిరులను గాజు గొట్టంలోకి పంపి, హెచ్చు విద్యుత్తుతో ఊదారంగు ప్లాస్మాను వెలిగించి విడగొట్టి, మిగిలినదాన్ని ఉత్ప్రేరకం మీదుగా పోనిచ్చి నిరపాయకరం చేసే ఆ యంత్రానికి ప్రతి గొట్టమూ ఆయన చేతి చలవే.

2018లో పరిశోధక విద్యార్థిని ప్రశాంతి గారి యంత్రంలో మూడు గొట్టాలు వరుసగా చిట్లాయి. తడ దగ్గరి కర్మాగారంలో ప్రదర్శనకు వారమే గడువు. గాజే నాసిరకమని తేల్చి, ఇకపై గొట్టాలు చెన్నై నుంచి తెప్పించి గాజు పనిగదిని మూసివేయాలని పెద్దలు కాగితం సిద్ధం చేశారు. ఏకాంబరం గారిని అడిగినవారు లేరు.

ఆయన గుండె దిటవు చేసుకుని, చెత్తబుట్టలోని మూడు గొట్టాలనూ ఏరి బల్లమీద పేర్చారు.

"ఏమప్పా, పగిలిపోయినోటికి తద్దినం పెడతా ఉండావా?" అన్నాడు పక్క గది ఢిల్లీబాబు.

"పెడతా ఉండా. కాకి ఇంకా రాలేదే అని సూస్తా ఉంటి, నువ్వొచ్చినావు. ఇట్ల సూడు, మూడిటికీ ఒకే తావున బొక్క పడిండాది. గాజుదే తప్పయితే తలా ఒక చోట పగలదా?"

ప్రశాంతి గారిని పిలిచి చూపారు. "పైన చుట్టిన తీగ కొస సరిగ్గా ఆడికే వస్తాది సూడమ్మా. సూది మాదిరి ఉండాది. కరెంటంతా ఆడే పొడస్తా ఉండాది."

ఆమె ముఖం పాలిపోయింది. "చుట్టింది నేనే కదన్నా!"

"అయితే ఇప్పేదీ నీకే సులువు. కొస మడిచి సుట్టు తల్లీ."

మరునాటి సమావేశంలో ఆమె లేచి, "తప్పు గాజుది కాదు సార్, నాది" అన్నారు. ఏకాంబరం గారు కొత్త గొట్టం చేసిచ్చారు, ఆమె కొస మడిచి తీగ చుట్టారు. ప్రదర్శన రోజున, ఆ కర్మాగారంలో రంగులు వేసే జ్ఞానాంబ యంత్రం నుంచి గాలి బయటికొచ్చే గొట్టం దగ్గర నిలబడి, "ఏం సార్, ఈ పొద్దు పని నిలిపేసినారా? వాసనే రాలే!" అంది. లోపల ఆమె తోటివాళ్లు రంగులు వేస్తూనే ఉన్నారు.

ఆ కాగితంపై సంతకం పడలేదు. వచ్చే నెల నుంచి ఆ పనిగదిలో బర్నరు ముందు కూర్చునేది, ఏకాంబరం గారి వద్ద పని నేర్చిన మహిత గారే. శ్రీమతి వరదమ్మ గారితో కలిసి ఆయన ఆరోగ్యంగా, కంటినిండా నిద్రతో, గుండెలనిండా మంచి గాలితో నూరేళ్లు చల్లగా ఉండాలి.