సాయంత్రపు నీళ్ళు

ఇంటి ముందు పచ్చగడ్డిలో పళ్ళెమంతేసి గోధుమరంగు మచ్చలు. తోటమాలి గొంతుక్కూర్చుని ఒక మచ్చలోంచి గడ్డి పీకి వాసన చూశాడు. ఇంటావిడ మెట్టు మీద నిలబడింది.

"ఎండకి మాడిందా?"

"మాడటమా! కుళ్ళిందమ్మగారూ. సాయంత్రాలు ఎవరు తడుపుతున్నారు?"

"ఇంకెవరు, మీ అయ్యగారే. రిటైరైన దగ్గర్నుంచి రోజూ ఆరింటికి పైపు పట్టుకుంటే ఏడింటిదాకా వదలరు."

"ఈ ఉక్కలో రాత్రంతా తడిగా ఉంటే బూజు పట్టదూ? వారానికి రెండుసార్లు, తెల్లవారుజామున, వేళ్ళదాకా దిగేట్టు పెడితే చాలు. అయ్యగారికి నేను చెప్తాలెండి."

"చెప్పావంటే ఊరుకోను."

"అదేంటమ్మగారూ?"

"కూరలో ఉప్పెంత వేశావని నన్నెవరూ అడగనిది రోజు మొత్తంలో ఆ గంటసేపే. నువ్వు చెప్పినట్టయితే ఆ రెండు రోజులూ చీకటితోనే లేచి కాఫీ పెట్టాలి. మిగతా ఐదు రోజులూ ఆయన నా వంటింట్లోనే ఉంటారు."

"గడ్డి చచ్చిపోద్దమ్మా!"

"చస్తే మళ్ళీ నాటుదువుగాని."

గేటు చప్పుడైంది. తోటమాలి గొంతు తగ్గించాడు.

"అయ్యగారు వస్తున్నారు. అడిగితే ఏం చెప్పమంటారు?"

"నీళ్ళు చాలట్లేదని చెప్పు. రేపట్నుంచి ఐదింటికే మొదలెడతారు."