లిబర్టీ బొమ్మ కప్పుకున్న బొంత

"వదినగారు ఇంగ్లీషు క్లాసు మానేసేరంట కదండీ?" అని లాజరు మామూలుగానే అడిగేడు. గన్నవరం టీ బడ్డీలో పొయ్యి దగ్గరున్న వీరవేణి చేతిలో గరిట ఆగిపోయింది.

నిజమే. తను కుట్టే బొంతల్ని దిండి రిసార్టులకొచ్చే పైదేశాలవాళ్ళకి తన నోటితోనే చెప్పి అమ్ముకోవాలని చేరింది. వారం నుంచీ అటేపు వెళ్ళడంలేదు. ఆమె మొగుడు సూరిబాబు మాత్రం బల్లమీద బాసింపట్టు వేసుకుని సర్దుకున్నాడు.

"మానేయడమేంటి తమ్ముడూ, మీ వదినకి సెలవిచ్చేరు. సౌజన్య మేడంగారు అమెరికా ఆడాళ్ళు గుడ్డపేలికల్తో కుట్టుకున్న బొంతల ఫొటోలు చూపించి, ఆ కాలం చరిత్రంతా చెప్పి, వీటి గురించి రెండు ముక్కలు ఇంగ్లీషులో చెప్పండి అన్నారు. మీ వదిన లేచి చెప్పింది. అదేం పెద్ద విషయం కాదనుకో."

"ఆయ్."

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? మేడంగారు కళ్ళొత్తుకుని అమెరికా మ్యూజియానికి ఫోన్ కలిపేరు. ఏదీ, ఆవిడ బొంత చూపించండన్నారు వాళ్ళు. పరుద్దామంటే క్లాసు గది చాల్లేదు. వీధి చాల్లేదు. కాలవని గోదారి దాటించే అక్విడక్టు వంతెన మీద ఈ చివర్నించి ఆ చివరికి పరిస్తే ఇంకా మడతలు మిగిలిపోయేయి. బస్సులన్నీ ఆగిపోలేదూ ఆ రోజు?"

"నేను రావులపాలెం వెళ్ళేనండి ఆ రోజు."

"అదీ సంగతి. ఓడెక్కించి పంపేం. అక్కడేమో మంచు. న్యూయార్కు ఊరంతా దాని కిందే దూరి పడుకుంది. ఆ లిబర్టీ బొమ్మ లేదూ, చెయ్యెత్తి నుంచుని నుంచుని భుజం లాగేస్తోందని దివిటీ పక్కన పెట్టేసి, కొంగంత ముక్క లాక్కుని కప్పుకుని..."

మొదట వీరవేణికి ఒళ్ళు మండింది. తర్వాత ఎందుకో మంట చల్లారింది. క్లాసులో ఏం జరిగిందో ఆయనకి తను చెప్పలేదు, ఆయనా అడగలేదు.

"ఆపండి," అంది. "లేచేను. నోరు పెగల్లేదు. కూర్చుండిపోయేను. వెనకాలెవరో నవ్వేరు. అంతే లాజరుగారూ."

సూరిబాబు గ్లాసులోకి చూస్తూ గొణిగేడు. "నవ్వేరని నాకు తెలుసే. అందుకే."

లాజరు గొంతు తగ్గించేడు. "ఏం చెబుదామనుకున్నారు వదినగారూ?"

వీరవేణి పొయ్యి వైపే చూస్తూ, ఒక్కో మాటా కూడదీసుకుంటూ అంది. "మై మదర్స్ శారీ ఈజ్ ఇన్ దిస్. వెన్ ఐ స్లీప్, షి ఈజ్ హియర్."

లాజరుకి సగమే అర్థమైంది. అయినా టీ గ్లాసు కింద పెట్టేసేడు. సూరిబాబు ఈసారి ఆమె మాటలకి తనవేమీ కలపలేదు.

ఆమె చేతులు తుడుచుకుని గరిట మొగుడి చేతిలో పెట్టింది. "పాలు పొంగిపోతాయి, చూసుకోండి. నాకు క్లాసు టైమైంది."