పచ్చికొమ్మ అడ్డమేసిన బాట

కోటలో ఏనుగుల వాకిలి దాటినాక జోడుబాటల కాడ ఒక చింతచెట్టు వస్తుంది చూడండి, రేపు మీరు ఆడికే గదా పోయేది, దాని కింద మాత్రం కూచోవద్దండి. ఈ ఎర్రదుర్గంలో పుట్టినోడెవడూ ఆ చెట్టు కింద కూచోడు, దాని కాయ కోయడు, రాలిన కాయ రాలినట్టే పురుగు పట్టి పోతుంది. ఆ చెట్టు కాడ ఎడమబాట పట్టుకొని కొంచెం పోతే మూగబావి. రాయి వేస్తే చప్పుడు రాదు కాబట్టి ఆ పేరు, అంత లోతు, నీళ్ళు మాత్రం పాలెగాళ్ళ కాలంలోనే ఇంకిపోయినాయంట. ఏమ్మా, నవ్వుతావేంది? దెయ్యం కథ చెప్పమన్నది మీరే గదా. ఆ ఫోను కాసేపు పక్కన పెట్టు నాయనా, దాంట్లో మూగబావి కనపడదు, మొన్న వచ్చినోళ్ళు నాకు చూపిచ్చినారు.

మా ఊరు చిన్నదే గాని నడిచేవాళ్ళకు బో అనువైన ఊరు. సంతపేట వాకిట్లో మొదలుపెట్టి రాతిమెట్లు ఎక్కితే ఏనుగుల వాకిలి, ఆడ నిలబడి వెనక్కి చూస్తే పెంకుటిండ్లు, మసీదు మినార్లు, అంగళ్ళ బజారు, అన్నీ ఒక్క చూపులో కనపడతాయి. ఆ పైన ధాన్యపు కొట్లు, రాణి తానమాడిన గచ్చుతొట్టి, అన్నిటికన్నా పైన గాలిబురుజు. పొద్దు గూకే యాల గాలిబురుజు మీదికి పోతే కింద ఏరు, దాని అవతల పత్తిచేన్లు, ఎర్రమట్టి ఇంకా ఎర్రగా అయ్యి, ఎంత వాగేవాడైనా ఆడ నోరు మూసుకొని చూస్తాడు. నేను ఆడికి పోయి ఎన్నేండ్లయిందో. మోకాళ్ళ నొప్పులని అందరికీ చెప్తా గాని, మోకాళ్ళు పోకముందే మానుకొన్నా. ఎందుకో చెప్తా, ఆ ఉగ్గాని తింటా వినండి, సల్లారిపోతే బాగుండదు.

మా చిన్నతనంలో ఈ బాణం గుర్తులు, బోర్డులు యాడివి? కట్టెలకనీ, సీతాఫలాలకనీ, చీపురుగడ్డికనీ అందరం కోట ఎక్కుతాంటిమి, ముందర పోయినోళ్ళు జోడుబాట కాడ ఒక పచ్చికొమ్మ విరిచి, పోగూడని బాటకు అడ్డమేసి, గాలికి కొట్టుకపోకుండా దాని మీద రాయి పెట్టి పోతాండ్రి. వెనక వచ్చేవాళ్ళు ఆ కొమ్మ చూసి, ఓహో ఇది గాదు అనుకొని రెండో బాట పట్టుకొంటాండ్రి. ఎవురూ కూచోబెట్టి నేర్పిచ్చింది గాదు, మేకలు కాసేవాళ్ళు, పెండ్లిబండ్లు తోలేవాళ్ళు అందరూ చేసే పనే. కొమ్మను తప్పుగా వేసినోణ్ణి నేనైతే వినలేదు అప్పటిదాకా. ముక్కూమొగం తెలీనోడు వేసినా నమ్ముకొని నడిచేది గదా, దాన్ని తిప్పి వేసేదానికి చేతులెట్ల వస్తాయి?

ఇప్పుడు ఊళ్ళో ఎవుర్నన్నా అడగండి, కోట మీద కొమ్మలదెయ్యం ఉంది, అది కొమ్మలు తప్పుగా వేసి మనుషుల్ని బావిలోకి తోలుతుంది అని చెప్తారు. చిన్నపిల్లోళ్ళు గూడ చెప్తారు. ఆ దెయ్యం పేరు మద్దమ్మ. మా అక్క. మా యమ్మ చచ్చిపోయినాక నాకు తల దువ్వింది, అన్నం కలిపి పెట్టింది అదే. చూస్తిరా, ఇప్పుడు నవ్వేవాళ్ళు ఎవురూ లేరు. పోనీలే, తెలీక నవ్వినారు. మా అక్క దెయ్యమైతే అయ్యిందేమో, చచ్చినోళ్ళు ఏమైతారో నాకేం తెలుసు, గాని అబద్ధాలకోరు మాత్రం గాదు. ఆ ఒక్క మాట ఈ ఊరి నోట అనిపిచ్చి చావాలని ఉంది నాకు, అందుకే వచ్చినోళ్ళందరికీ చెప్పేది.

బట్టలంగడి గిడ్డయ్య అని ఒకడు ఉండె. పేరుకు గిడ్డయ్య గాని మనిషి తాటిచెట్టంత. మాటలు మాత్రం ఎంత మెత్తగా మాట్లాడేవాడంటే, నాకే అనిపించేది, వీడు మా ఇంటికి అల్లుడైతే బాగుండు అని. మేమేమో బండ్లు తోలేవాళ్ళం, వాళ్ళేమో అంగడివాళ్ళు, ఇంగ ఆడపిల్ల మగపిల్లోడు పక్కపక్కన నడిస్తే ఊరు ఊరుకుంటుందా? అందుకని వాడు ముందర ఎక్కేది, అక్క కట్టెలతాడు భుజాన వేసుకొని వెనక పోయేది. జోడుబాట వచ్చినకాడల్లా వాడు కొమ్మ వేసి, రాయి కింద అంగట్లో బట్టలమూటలకు కట్టే నీలందారం ముక్క పెట్టేవాడు, అది చూసి అక్క, ఇది గిడ్డయ్య వేసిందే అని గుర్తుపట్టేది. ఒకనాడు ధాన్యపు కొట్ల కాడ, ఒకనాడు రాణితొట్టి కాడ, ఒకనాడు గాలిబురుజు మీద, అట్ల కోటంతా తిరిగినారు. నాకెట్ల తెలుసంటారా? తోడుకని నన్నే గదా తీసకపోయేది, చేతిలో ఒక సీతాఫలం పెట్టి, ఈడ కూచో ఉరుకుందీ, ఇప్పుడే వస్తా అనేది, ఉరుకుంది అంటే నేనే. నేను కూచొని గింజలు ఊంచుకుంటా ఉండేదాన్ని.

కొన్నాళ్ళకు బళ్ళారిలో ఉండే వాని మేనమామ, పిల్లనిస్తా, అంగడి గూడ నీకే ఇస్తా రా అని కబురు పెట్టినాడు. వాడు ఊ అన్నాడు. అక్కకు చెప్పలే. ఇంగెవరి నోటో విని అక్క పోయి నిలదీసి అడిగితే, అదంతా ఉత్తమాట, నిన్ను వదిలిపెట్టి నేనుంటానా, శుక్రవారం సాయంత్రం కోట వెనక రోడ్డుకు బస్సు వస్తుంది, నేను ముందర పోతాంటా, నువ్వు కొమ్మలు చూసుకుంటా వచ్చెయ్, ఇద్దరం బస్సెక్కి పోదాం అన్నాడంట. ఆ నాలుగు దినాలు మా అక్క కాళ్ళు నేల మీద లేవు. తల దువ్వుతా నాకొక్కదానికే చెప్పింది, ఆడ కుదురుకొన్నాక నిన్ను గూడ పిలిపిచ్చుకుంటా మే, ఏడ్వగాకు అనింది. నేను ఎవురికీ చెప్పలే. నాకు గూడ బళ్ళారి చూడాలని ఉండె.

శుక్రవారం అక్క ఎక్కింది. కోట మొదట్లో ఉండే కొమ్మ సరిగ్గానే ఉంది, ధాన్యపు కొట్ల మలుపు కాడ ఉండేది గూడ సరిగ్గానే ఉంది, అవి మరుసటి దినం నేను నా కండ్లతో చూసినా. చింతచెట్టు కాడ రెండు బాటలూ వెనక రోడ్డుకే దిగుతాయి, కుడిబాట గాలిబురుజు మీదుగా, ఎడమబాట మూగబావి అంచెమ్మట. ఆ యేడు వానలకు బావి గట్టు కూలిపోయి, గడ్డి పైకి పెరిగి, ఆడ బావి ఉందో నేల ఉందో తెలీకుండా ఉండె. అది గిడ్డయ్యకు తెలుసు, ఆ ముందువారమే చూసొచ్చి, ఆ పక్కకు పోవద్దండి అని అంగట్లో మగవాళ్ళకందరికీ చెప్పినాడు. ఆడోళ్ళకెవరు చెప్పినారు? చింతచెట్టు కాడికి వచ్చేసరికి వానికి మేనమామ అంగడే గుర్తొచ్చిందో, భయమే అయ్యిందో, కొమ్మ విరిచి కుడిబాటకు అడ్డమేసి, ఆ కుడిబాటనే వాడు రోడ్డుకు దిగి ఒక్కడే బస్సెక్కి పోయినాడు. అక్క వెనక వచ్చి కొమ్మ చూసింది, దారం చూసింది, బురుజు మీద ఎవురో ఉన్నట్టున్నారు, అందుకే ఇట్ల రమ్మంటాండాడు అనుకొనింటుంది, బస్సు పోతుందని ఆత్రంగా ఎడమబాట పట్టింది.

తెల్లారి మా నాయన, నేను ఎతుక్కుంటా ఎక్కినాము. బావిలో ఉంది అక్క. దాన్ని గురించి ఇంగేమీ చెప్పను, అడగొద్దండి. నేను ఆ కొమ్మ కాడికి ఉరికి, రాయి ఎత్తి, నీలందారం తెచ్చి మా నాయనకు చూపిచ్చినా, ఇది గిడ్డయ్య వేసింది నాయనా, వాడే ఇట్ల తోలినాడు అని ఏడుస్తా అంతా చెప్పినా. మా నాయన ఆ దారం తీసుకొని చేతిలోనే నలిపి నలిపి బావిలోకి ఇసిరినాడు. ఇసిరి ఏమన్నాడంటే, ఎవడి కోసరమో మూట కట్టుకొని పోయిందంటే ఇంటి పరువేమైతుంది, రేపు నిన్నెవడు చేసుకుంటాడు, కోట మీద దెయ్యం దాన్ని తోలుకపోయింది, అడిగినోళ్ళకు అదే చెప్పు అన్నాడు. కన్నతండ్రి. గిడ్డయ్య పరాయివాడు, వాణ్ణి నోటికొచ్చినట్టు తిట్టుకొన్నా, మా నాయన్ను ఏమని తిట్టాల? ఆయన పెట్టిన అన్నమే తింటి, ఆయన చూపిచ్చినోణ్ణే చేసుకొంటి.

అప్పట్నించి మొదలయ్యింది. చింతచెట్టు కాడ ఎడమబాటకు అడ్డంగా ఒక పచ్చి చింతకొమ్మ, దాని మీద రాయి. మేకలోళ్ళు తీసి పారేస్తే మరుసటి దినానికి మల్లా ఉండేది. ఎండాకాలం గూడ ఆకు వాడకుండా ఉండేది. నేను పోయి చూసినా. మా అక్క కొమ్మను మెలిపెట్టి విరిచేది, అట్ల విరిస్తే చివర బెరడు పేలికమాదిరి వేలాడతాంటుంది, కట్టెలకు పోయినప్పుడల్లా చూసినదాన్ని, నాకు తెలీదా? ఈ కొమ్మకు గూడ అట్లనే వేలాడతాండె. అడ్డమేసింది ఏ బాటకు? బావికి పోయే బాటకు. ఇట్ల రావొద్దండి అని చెప్తాండె మా అక్క, అంతే.

ఈ లోపల గిడ్డయ్య బళ్ళారి నించి పెండ్లాం పిల్లలతో దిగినాడు, పెద్ద అంగడి పెట్టినాడు, ఊరికి పెద్దమనిషి అయినాడు. కొమ్మల సంగతి వాని చెవిన పడింది. పడంగానే వాడు అంగట్లో కూచొని ఒక కథ మొదలుపెట్టినాడు, అది మద్దమ్మ దెయ్యం, దాని పని మనుషుల్ని తప్పుదోవ పట్టిచ్చేది, అది కొమ్మ ఎటు అడ్డమేస్తే అటే మంచి బాట, కొమ్మ దాటి పోవాల అని. ఎందుకు కట్టినాడో మీరే చెప్పండి. కొమ్మ నిజం చెప్తాంది అంటే, మరి ఆ పొద్దు తప్పు కొమ్మ వేసిందెవరు అని ఎవడన్నా అడుగుతాడని భయం. ఆ మాట నమ్మి ఒక మేకలోడు కొమ్మ దాటిపోయి, బావి అంచున జారి, పొద పట్టుకొని బతికినాడు, కాలు మాత్రం ఇరిగింది. అది గూడ మా అక్క లెక్కలోనే రాసినారు. నేను బజార్లో నిలబడి కాదురా అని మొత్తుకొంటే, పాపం అక్క మీద పాశం అని నవ్వి పోయినారు.

మొన్నమొన్న, మీ మాదిరి నడిచేవాళ్ళు ఎక్కువైనాక, కోట చుట్టూ బాట చేయాలని జేసీబీ తెచ్చి పొదలన్నీ గీకి పారేసినారు. చింతచెట్టు చుట్టూ ఏది పాతబాటో, ఏది బండిచక్రాల జాడో మాకే తెలీకుండా పాయె. బావికి కంచె వేస్తామన్నారు, ఇంకా వేయలే. గుర్తులు యాడ వేయాలో నేనే చూపిస్తా అని గిడ్డయ్య బయల్దేరినాడు, ముసలాడు అయిపోయినాడు, కండ్లకు పొరలొచ్చినాయి, ఐనా పెద్దరికం పోలేదు. సున్నపు బకెట్టు పట్టుకొని మేస్త్రీ సుంకన్న వాని వెనకాల పోయినాడు. నేను ముందర పోతాంటా, నువ్వు గుర్తులు వేసుకుంటా రా అన్నాడంట సుంకన్నతో. ఆ మాట వింటే మీకేమనిపిస్తుందో గాని, నేను సుంకన్న చేత రెండుసార్లు చెప్పిచ్చుకొన్నా.

సాయంత్రం చింతచెట్టు కాడికి చేరినారు. ఒక బాటకు పచ్చికొమ్మ అడ్డంగా ఉంది, మీద రాయి. గిడ్డయ్య అటూ ఇటూ చూసినాడంట, ఏది ఎటు పోతుందో తెలీలే. సుంకన్న ఊరోడే గాని దెయ్యం కథ నమ్మేవాడు గాదు, పాత కొమ్మలాచారం ఎరిగినోడు, అయ్యా, కొమ్మ వేసిండారు, ఇట్ల గాదు, అటు పక్క పోదాం అన్నాడు. గిడ్డయ్య, నీకు తెలీదురా, అది తిరగేసి చెప్తుంది, ఇటే మంచిది అని చేతికర్రతో కొమ్మను దాటుకొని పోయినాడు. సుంకన్న బకెట్టు కింద పెట్టి అయ్యా అయ్యా అంటాండగానే మనిషి కనపడలే. చప్పుడు గూడ రాలేదంట.

సుంకన్న పరిగెత్తి తాళ్ళు తెప్పిచ్చి, అంచున పండుకొని కిందికి పిలిస్తే, నడిమధ్యన ఏ రాతికో తగులుకొన్నాడేమో, కొంచెంసేపటికి గిడ్డయ్య గొంతు వచ్చిందంట. అంత చెప్తే ఎందుకు దాటితివి సామీ అని సుంకన్న ఏడుస్తా అడిగితే, నేను చేసినదానికి అది నాకు నిజం చెప్తుందనుకోలేదు రా, అన్నాడంట. ఆ మాటే ఆఖరు. పైకి తీసేసరికి ఊపిరి లేదు. నేను చేసినదానికి అన్నాడు చూడండి, నేను ఇన్నేండ్లు మొత్తుకొనింది అదే గదా. సుంకన్న ఊళ్ళో చెప్తే, చచ్చేముందు ఏదో పలవరిచ్చినాడు, దెయ్యమే లాగేసింది అన్నారు, సరిపాయె.

నాకు సంతోషమయ్యిందా అని అడుగుతారు కొందరు. లేదు. అక్కకు వాడు చచ్చేది ఇష్టమైతే కొమ్మ తీసేసి ఊరికే ఉండొచ్చు గదా. ఉండలే. వానికి గూడ అడ్డమేసింది, అందరికీ వేసినట్టే. బతికినప్పుడు అది వాణ్ణి నమ్మి పాయె, చచ్చినాక గూడ వాడు దాన్ని నమ్మలే. నాకు అదే మంట, ఈ వయసుకు గూడ చల్లారలే.

సరే, పొద్దుపోయింది, పండుకోండి. రేపు పొద్దున్నే మెట్లెక్కండి, ఏనుగుల వాకిలి చూడండి, గాలిబురుజు మీదికి పోండి, నా కోసరం గూడ ఏరును చూసి రాండి. ఒకరు ముందర ఒకరు వెనక పోవద్దండి, కలిసి నడవండి. చింతచెట్టు కాడ సుంకన్న వేసిన సున్నపు బాణం ఉంటుంది, వానకు అది పోయింటే కొమ్మ ఉంటుంది. ఊళ్ళోవాళ్ళు ఏమన్నా చెప్పనీ, ఆ కొమ్మ దాటొద్దండి. ఆ బావి ఎంత లోతో మా అక్కకు తెలుసు.