మూసిన గేటు

పట్నం యాత్రికుల ఆరు జీపు బళ్ళను సముద్రం దాకా నడిపించి, ఎర్ర ఎడారి దారిన తిరిగొస్తున్న గైడు, పశువుల ఫారం యజమానురాలి వరండా ముందు టోపీ చేత్తో పట్టుకుని నిలబడ్డాడు.

"టీ తాగుతావా? నీ బళ్ళేవి?"

"గేటు దగ్గరే ఆపాను. వాసనొస్తుంటే గట్టెక్కి చూశాను."

"పద్నాలుగు ఆవులు దాహంతో చచ్చాయి! నీళ్ళ తొట్టి అవతల, అవి ఇవతల. ఎవడో గేటు మూసిపోయాడు. ఈ పట్నం వాళ్ళకి బుద్ధుండదు. తెరిచున్న గేటు తెరిచే వదలాలి, మూసుంటే మూసే వదలాలి. నా పిల్లలకి ఆ మాట నేర్పింది నువ్వే."

"మూసింది నేనే."

"ఏంటీ?"

"పోయేటప్పుడు ఆ గేటు దగ్గర అందర్నీ దింపి ఆ మాటే చెప్పాను. గొళ్ళెం ఎలా వెయ్యాలో వేసి చూపించాను. చప్పట్లు కొట్టారు. ఆ పొంగులో బండెక్కేశాను. మళ్ళీ తియ్యలేదు."

"ఐదు రోజులు... ఈ ఎండలో."

"ఎన్ని తిట్టినా పడతాను."

"ఇరవై ఏళ్ళుగా నీ బండి దుమ్ము కనిపిస్తే, గేటు చూడక్కర్లేదులే అనుకునేదాన్ని. సరే, వాళ్ళకి చెప్పావా?"

"ఆ వాసనేంటని అడిగారు."

"ఏమన్నావు?"

"కంగారూ జంతువేదో బండి కింద పడి చచ్చుంటుందన్నాను."

"టోపీ పెట్టుకో. వెళ్ళి చప్పట్లు కొట్టినవాళ్ళకి నిజం చెప్పి, అందర్నీ తీసుకురా. ఇంకా తొమ్మిదింటిని పూడ్చాలి."