టెర్రియర్ బొచ్చు ఎలా పోయిందంటే

ఊరి నుంచి దిగిన ఓనరమ్మ బ్యాగుతో సహా నేరుగా టీ కొట్టు దగ్గరికే వచ్చింది. బల్ల మీద కూర్చున్న సెలూనాయన ఒళ్ళో, తెల్లగుడ్డ కింద ఆవిడ కుక్క కదుల్తోంది.

"రండమ్మగారూ, కూర్చోండి! అన్నా, అమ్మగారికి టీ, పంచదార తక్కువ. కుక్కా? ఇదిగో, బంగారంలా ఉంది. గుడ్డ మాత్రం ఇప్పుడే తీయకండి, ముందు జరిగింది వినాలి. వెళ్ళేటప్పుడు మీరేమన్నారు? 'ఇది టెర్రియర్, దీని బొచ్చు గరుగ్గా ఉండాలి. రోజూ దువ్వు, ముదిరిన వెంట్రుకలు వేళ్ళతో పీకు. కత్తిరిస్తే దూదిలా అయిపోతుంది. కత్తెర పడిందో, కొట్టు ఖాళీ చేయిస్తా' అన్నారు. పదేళ్ళుగా మీ కొట్టులో బతుకుతున్నవాణ్ణి, మీ మాట దాటుతానా? నా పిల్లల మీదొట్టు, కత్తెర ముట్టుకోలేదు!

మొన్న పొద్దున షాపు తెరిచేసరికి అద్దం కింద చిన్న ఎలక. బొటనవేలంత ఉంటుందేమో. టెర్రియర్‌కి ఎలక కనబడితే ఒళ్ళు తెలీదు కదా, ఒక్క దూకు దూకి పట్టేసింది."

"ఈమాత్రం దానికేనా?" అన్నాడు టీ కొట్టాయన.

"ఆగన్నా! ఆ తర్వాత ఏమైందో తెలుసా? దాని చుట్టపక్కాలు కన్నంలోంచి తొంగిచూశాయి. ఇది వదుల్తుందా? ఉన్నవి జానెడు కాళ్ళే గానీ, తవ్వడం మొదలెట్టిందంటే మట్టి వెళ్ళి ఎదురుగా మందుల షాపు బోర్డు మీద పడింది. నేను బ్యాటరీ లైటు పట్టుకుని దీని వెనకే దూరాను. రోడ్డు దాటాం, బస్టాండు దాటాం, రైలు పట్టాలు దాటాం, చివరికి సముద్రం హోరు వినిపించిందంటే నమ్మండి!"

"సముద్రం ఇక్కణ్ణుంచి రాత్రంతా ప్రయాణం కదరా బాబూ," అన్నాడు పక్కనే టీ తాగుతున్న ఆటో డ్రైవరు.

"అదేగా నేను చెప్పేది, దీని స్పీడు అలాంటిది! అక్కడ సినిమా హాలంత గుహ. అందులో ఎలకలు, వేలు కాదు, లక్షలు! మధ్యలో వాటి పెద్ద, నా షాపు కుర్చీ అంత ఉంది. ఇది బెదిరిందా? ఛాతీ విరుచుకుని ఒక్క అరుపు అరిచింది. అన్నీ కలిసి మీదపడ్డాయి. ఇది కొరుకుతోంది, అవి పీకుతున్నాయి. ఎలా పీకాయనుకున్నారు? అచ్చం మీరు చెప్పిన పద్ధతేనమ్మా! ముందు ముదురువి, తర్వాత లేతవి, ఒక్కొక్కటే మొదలంటా. నాకైనా అంత ఓపిక లేదు. ఆఖరికి ఆ పెద్దెలకే ఓడిపోయానని దండం పెట్టి, మమ్మల్ని షాపు గుమ్మం దాకా దిగబెట్టి వెళ్ళింది."

"మరి ఆ సొరంగం చూపించు," అన్నాడు డ్రైవరు.

"పూడ్చేశా. పిల్లలెవరైనా పడతారని."

ఓనరమ్మ గుడ్డ తీసింది. కుక్క తల మీద తప్ప ఒళ్ళంతా నున్నగా, వణుకుతూ బయటపడింది. "అయ్యో నా తల్లీ!" అంటూ దాన్ని కొంగులో చుట్టుకుని, అటూ ఇటూ తిప్పి చూసి, మెడ దగ్గర వాసన చూసింది.

"చెవుల పక్కన రెండు వైపులా సమానంగా దించాయి. మెడ వెనక గీత ఎంతో తిన్నగా ఉంది. చివర్లో పౌడరు కూడా అద్దాయి. ఎంత పనిమంతులయ్యా నీ ఎలకలు!"

"అదేనమ్మగారూ, నేనూ ఆశ్చర్యపోయా..."

"ఇక నుంచి కొట్టు వాటికే అద్దెకిస్తా. తాళాలు ఇలా తే."